హాజరు పట్టీలో మన తాతలు: నేరం లేకుండా శిక్ష వేయవచ్చా?

శిక్ష అనగానే ఈ తరం పిల్లలకు కోర్టు, జైలు, ఉరికంబం గుర్తొస్తాయి. మన తాతల తరానికి గుర్తొచ్చేది హాజరు. పగలంతా గంపలల్లి, పందులు మేపి, ఊరూరా ఎరుక చెప్పి, కూలి చేసుకుని వచ్చిన మనిషి పేరు పిలిచే వేళకి వచ్చి నిలబడి 'ఉన్నానయ్యా' అనాలి. అనకపోతే అదే నేరం. ఎవరింటికీ కన్నం వెయ్యలేదు, ఎవరి సొమ్మూ ముట్టలేదు. పిలిచినప్పుడు అక్కడ లేడు, అంతే. దానికి జైలు.

ఆగస్టు 31 విముక్త దినం సందర్భంగా తెస్తున్న ఈ సంచికలో మన పాటల గురించి, పండుగల గురించి, కుర్రు భాష గురించి పెద్దలు రాస్తున్నారు. మేము మాత్రం ఒక ప్రశ్న పట్టుకుని చరిత్రలోకి వెళ్దామనుకున్నాం. మనిషిని శిక్షించే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది? అది ఎక్కడ ఆగాలి? లా కాలేజీల్లో దీని మీద లావుపాటి పుస్తకాలు చదువుతారు. మన ఎరుకల వాళ్లకు ఈ పాఠం ఒంటి మీదే చెప్పారు. కాబట్టి దీని గురించి మాట్లాడే అర్హత మనకు కాస్త ఎక్కువే ఉందని మా అభిప్రాయం.

ఉప్పు మోసిన వాళ్లు దొంగలెలా అయ్యారు?

మనలోని తెగల పేర్లు ఒకసారి వరసగా చెప్పుకోండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, ఎద్దు ఎరుకల. ప్రతి పేరులోనూ ఒక పని ఉంది. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, పెరికె ఎద్దుల మీద వేసుకుని, లోపలి ఊళ్లకు నడిచి, అక్కడ ధాన్యానికి మార్చుకుని తిరిగి రావడం మన వాళ్లలో చాలామందికి బతుకుతెరువు. బండి దారి కూడా లేని ఊళ్లకు ఉప్పు చేరింది ఆ ఎద్దుల వల్లనే. తిరగడం అంటే అప్పుడు వ్యాపారం.

తర్వాత రైలు వచ్చింది. ఉప్పు మీద కంపెనీ, ఆ తర్వాత దొరల ప్రభుత్వం గుత్తాధిపత్యం పెట్టి ధర పెంచాయి. అడవి చట్టాలు వచ్చి వెదురుకీ ఈతాకుకీ మేతకీ అడ్డం పడ్డాయి. 1876-78 నాటి ధాత కరువులో మనుషులే పిట్టల్లా రాలిపోయారు, ఇక ఎద్దుల సంగతి చెప్పేదేముంది. ఎద్దు పోయింది, ఉప్పు పోయింది, కాలు మాత్రం నడక మానలేదు. సరుకు లేకుండా నడిచేవాణ్ణి చూస్తే ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. పాత బతుకు ఎవరు తీశారని అడగలేదు. ఎందుకు తిరుగుతున్నావని మాత్రం అడిగింది.

నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. మొదట ఉత్తర భారతంలో అమలైంది. 1911లో కొత్త రూపంలో దేశమంతటికీ వర్తించేలా చేశాక మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన మీద పడింది. 1924లో మళ్లీ తిరగరాశారు. మూడు సార్లూ మూలం ఒక్కటే: ఫలానా తెగ నేరాలకు అలవాటు పడిందని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ తెగ నేరస్థ తెగ అవుతుంది. ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. ఈ మాట చట్టంలోనే రాసుకున్నారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. 1871లో ఆ బిల్లును వైస్రాయి కౌన్సిల్‌లో సమర్థించి మాట్లాడిన వాడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ అనే లా మెంబరు. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలె కొడుకు సాలె అవుతాడు, అలాగే నేరం కూడా కులవృత్తిగా వచ్చే తెగలున్నాయన్నది ఆ వాదన. మరుసటి ఏడాదే, అంటే 1872లో, అదే స్టీఫెన్ భారత సాక్ష్య చట్టం రాశాడు. ఏది సాక్ష్యం, ఏది కాదు, వినికిడి మాట ఎందుకు చెల్లదు అని సూక్ష్మంగా చెప్పిన చట్టం అది. 2024 జూలై వరకు మన కోర్టులు దాని మీదే నడిచాయి. ఒక మనిషి దొంగ అని చెప్పడానికి అంత రుజువు కావాలన్నవాడికి, ఒక తెగ మొత్తం దొంగ అని చెప్పడానికి ఏ రుజువూ అక్కర్లేకపోయింది! పాలకుల అంతరాత్మలో ఇలాంటి రెండు గదులు ఉంటాయి. ఒక గదిలోది రెండో గదికి తెలియదు.

శిక్షకు నాలుగు కట్టుబాట్లు

ఏ రాజ్యమైనా శిక్ష వేయక తప్పదు. దొంగను, హంతకుణ్ణి వదిలేస్తే బలహీనుడే ముందు నలిగిపోతాడు, ఆ బలహీనుల్లో మనమూ ఉంటాం. శిక్షే వద్దని మేము అనడం లేదు. కానీ అది న్యాయమనిపించుకోవాలంటే ముందు ఒక తప్పు పని జరిగి ఉండాలి. చేసింది ఈ మనిషేనని తేలాలి. తప్పుకు తగినంతే ఉండాలి. ఏదో ఒక రోజు అయిపోవాలి. ఈ నాలుగూ లేకపోతే అది కక్ష, లేదా భయం, లేదా ఇంకేదో లాభం. మన మీద అమలైన చట్టం నాలుగింటినీ తీసి పక్కన పెట్టింది.

పని సంగతి చూడండి. 1924 చట్టంలో ఒక సెక్షను ప్రకారం, రిజిస్టరైన మనిషి దొంగతనం చేయబోతున్నాడనో, అదను కోసం కాచుకుని ఉన్నాడనో అనిపించే పరిస్థితిలో దొరికితే చాలు, మూడేళ్ల దాకా జైలు. చేయనక్కర్లేదు. చీకట్లో, తోటలో, రైలుకట్ట పక్కన ఒక ఎరుకలవాడు కనిపిస్తే ఎందుకున్నాడో చెప్పాల్సింది వాడే. అదే చోట వేరే కులంవాడు కనిపిస్తే బహిర్భూమికి వచ్చాడనుకుంటారు.

రుజువు సంగతి పైన చెప్పాం. రుజువు బదులు వేలిముద్ర ఉండేది. నేరం జరిగాక దొంగ ముద్ర దొరికితే పోల్చి చూడటం ఒక పద్ధతి. ముందే తెగ మొత్తం వేళ్లను సిరాలో ముంచి పెట్టుకోవడం వేరే పద్ధతి. మద్రాసు ప్రెసిడెన్సీలోనే మదురై ప్రాంతపు పిరమలై కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వం అని ఎదురు తిరిగితే 1920 ఏప్రిల్ 3న పెరుంగామనల్లూరు అనే ఊళ్లో పోలీసులు కాల్పులు జరిపి జనాన్ని చంపారు. వాళ్లు తమిళులు, మనం తెలుగువాళ్లం. సిరా మాత్రం ఒకటే.

తగినంత శిక్ష అన్న మాటకు వస్తే, ఇద్దరు మనుషులు ఒకే రకం దొంగతనం చేశారనుకుందాం. ఒకడు మామూలు రైతు కొడుకు, రెండోవాడు ప్రకటిత తెగవాడు. మొదటివాడికి జడ్జి తప్పును బట్టి కొన్ని నెలలు వేయవచ్చు. రెండోవాడు చట్టం పట్టికలో రాసిన నేరాల్లో రెండోసారి దొరికితే మామూలుగా ఏడేళ్లకు తక్కువ వేయకూడదు. మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరం. జడ్జి దయగలవాడైనా చేతులు చాలావరకు కట్టేశారు. దొంగిలించిన సొమ్ము అదే, శిక్షలో తేడా పుట్టుకది. పాసు లేకుండా ఊరు దాటడం, హాజరు తప్పడం లాంటి వాటికి కూడా మొదటిసారి ఏడాది నుంచి మొదలై మూడేళ్ల దాకా పెరిగే జైలు ఉండేది.

ఇక అయిపోవడం. జైలు శిక్షకు విడుదల తేదీ ఉంటుంది. ఈ శిక్షకు లేదు. పుట్టుకతో వచ్చింది, చావుతో పోయేది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడుల్లో పెట్టే అధికారం కూడా చట్టం ఇచ్చింది. నేరం చేయడానికి వయసే రాని పిల్లవాడికి తల్లిని దూరం చేయడం ఏ తప్పుకి శిక్ష? దీనికి జవాబు చట్టంలో దొరకదు.

మన ఒక్కరికే కాదు ఇది. లంబాడీలు, యానాదులు, దొమ్మరులు, ఇంకా ఎందరో ఏదో ఒక జాబితాలో ఎక్కారు. సర్కారు పట్టికల్లో కొన్ని పేర్లు 'దొంగ దాసరి', 'దొంగ వడ్డె' అని ఉండేవి. పేరు ముందే తీర్పు తగిలించారు.

సెటిల్‌మెంట్: శిక్షా, శిక్షణా?

మన భాషలో శిక్ష, శిక్షణ ఒకే మొక్కకు పూసిన పూలు. ఈ రెండింటినీ కలిపి కట్టిన ఊరే సెటిల్‌మెంట్. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చి పెట్టిన సెటిల్‌మెంట్‌కు మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద స్టూవర్టుపురం అని పేరు వచ్చింది. గుంటూరు జిల్లాలో సీతానగరం, నెల్లూరు వైపు కావలి, కప్పరాళ్లతిప్ప, కర్నూలు జిల్లాలో సిద్ధాపురం, నిజాం రాజ్యంలో లింగాల కూడా ఇలాంటివే. కొన్ని మిషనరీల చేతిలో, కొన్ని సర్కారు చేతిలో.

దీని గురించి ఒకే మాట చెప్పి వెళ్లిపోవడం మాకు ఇష్టం లేదు. సెటిల్‌మెంట్ బడిలోనే మన వాళ్లలో చాలామంది మొదటిసారి పలక పట్టారు. భూమి వచ్చిన కుటుంబాలున్నాయి. దొరసాని మందు వేసి బతికించిందని గౌరవంగా చెప్పుకునే ముసలివాళ్లను మేము విన్నాం. వాళ్ల మాట కొట్టిపారేయం. అయినా అడగవలసిన మాట ఒకటుంది: ఆ బడికి, ఆ భూమికి, ఆ మందుకి గేటు ఎందుకు? పక్క ఊరి పేదవాడికి బడి ఇస్తే దాన్ని బడి అన్నారు. మనకిస్తే హాజరు పట్టీతో కలిపి ఇచ్చారు.

ఇంకో సంగతి. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన 'డిజానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో మన చరిత్రను సర్కారు, మిషన్ కాగితాల నుంచే తవ్వి తీశారు. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు తప్పక చదవాలి. చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పొగాకు ఫ్యాక్టరీకి స్టూవర్టుపురం నుంచి కూలీలు ఎలా వెళ్లేవారో అందులో ఉంది. పని మానేసి వేరేచోటికి పోయే స్వేచ్ఛ లేని కూలీ యజమానికి ఎంత లాభమో వేరే చెప్పాలా? సంస్కరణ అన్న పేరు కింద ఎవరి అవసరం తీరిందో లెక్క చూసుకోవాలి. శిక్ష వల్ల ఎవరికైనా లాభం వస్తున్నప్పుడు, ఆ శిక్ష తొందరగా ముగియదు.

ఆడవాళ్ల గురించి కాగితాలు తక్కువ చెబుతాయి. గంప నెత్తిన పెట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని పది ఊళ్లు తిరిగి ఎరుక చెప్పి, ఇంటికి గింజలు తెచ్చింది మన అవ్వలు. తిరగడమే నేరమైతే ముందు ఆగిపోయింది ఆ గంప.

మనలో దొంగలు లేరా?

సభల్లో ఈ ప్రశ్న వస్తే మన నాయకులు కొందరు మాట మారుస్తారు. మారుస్తే లాభం లేదు. ఉన్నారు. బతుకుతెరువు పోయి కొందరు, పోలీసులకు వాటా ఇచ్చే ముఠాల్లో చిక్కి కొందరు, సులువుగా డబ్బు వస్తుందని కొందరు. 1970ల తర్వాత జాషువా గారి కుమార్తె హేమలతా లవణం గారు, లవణం గారు స్టూవర్టుపురంలో ఏళ్ల తరబడి తిరిగి పనిచేసింది ఆ వాస్తవం ఎదురుగా పెట్టుకునే. వాళ్లు మనిషిని మనిషిగా పిలిచి మాట్లాడారు. గెజిట్ చేయలేని పని అది.

దొంగతనం చేసిన ఎరుకలవాడికి, దొంగతనం చేసిన మరొకడికి ఒకే కొలతతో శిక్ష పడితే మనకు అభ్యంతరం లేదు. వాడి తమ్ముడికి, వాడి పేట మొత్తానికి, ఇంజనీరింగ్ చదువుతున్న వాడి మేనకోడలికి పడితేనే అభ్యంతరం. 1991లో రెండు సినిమాలు, 2023లో ఇంకొకటి ఒక ఊరి పేరుని దొంగతనానికి మారుపేరుగా తెర మీదికి తెచ్చాయి. ఆ ఊరి పేరు సర్టిఫికెట్‌లో ఉన్న పిల్లలు అద్దె ఇంటికి, ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఎదుటివాళ్ల మొహంలో వచ్చే మార్పును ఏ కోర్టూ శిక్ష అనదు. మేము అంటాం.

రద్దయింది ఏమిటి, మిగిలింది ఏమిటి?

1936లో నెల్లూరులో మాట్లాడుతూ జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఏ తెగనూ మొత్తంగా నేరస్థులనడం నాగరిక న్యాయానికి విరుద్ధమన్నది ఆయన మాటల సారం. మన జనం ఎక్కువగా ఉన్న నేల మీద ఆ మాట అన్నారని గుర్తుపెట్టుకోండి. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని రద్దు చేసింది. దేశం మొత్తానికి విచారణ జరిపిన సంఘానికి అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతపు అనంతశయనం అయ్యంగార్. ఆ సంఘం సిఫారసు మీద 1952 ఆగస్టు 31 నుంచి చట్టం దేశమంతటా పోయింది. విముక్త జాతులు అన్న పేరు అలా వచ్చింది.

మద్రాసులో రద్దు జరిగిన మరుసటి ఏడాది, 1948లోనే, అలవాటుపడ్డ నేరస్థుల మీద ఆంక్షల చట్టం వచ్చింది. 1962లో ఆంధ్రప్రదేశ్ కూడా అలాంటి చట్టం చేసుకుంది. న్యాయంగా చెప్పాలంటే కాగితం మీద తేడా ఉంది. పాతది తెగను చూసేది, కొత్తది ఒక మనిషికి ఎన్నిసార్లు శిక్ష పడిందో చూస్తుంది. కాని ఎవరి మీద ముందు అనుమానం వస్తుంది, ఎవరిని ముందు పట్టుకొస్తారు, ఎవరికి లాయరు దొరకడు అన్న ప్రశ్నలకు జవాబు మారకపోతే, శిక్షల లెక్క కూడా పాత పేటల్లోనే పెరుగుతుంది.

ఈ అనుమానం ఎంత దూరం పోగలదో చెప్పే కేసు ఒకటుంది. 2003లో మహారాష్ట్రలో జరిగిన ఘోరమైన దోపిడీ, హత్యల కేసులో సంచార తెగకు చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టు ఉరిశిక్ష వేసింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు వాళ్లు నిర్దోషులని విడుదల చేసింది. బతికి బయటపడిన సాక్షి మొదట్లో పోలీసుల దగ్గరున్న ఫోటోల్లో వేరేవాళ్లను గుర్తుపట్టినా, ఆ దారిలో దర్యాప్తు సాగలేదని తేలింది. ఒక్కొక్కరికీ అయిదు లక్షల పరిహారం ఇవ్వమన్నారు. పదహారేళ్లు జైల్లో పోయాయి, అందులో చాలా ఏళ్లు ఉరితాడు నీడలో. ఆ పదేళ్ల మధ్యలో ఎప్పుడైనా ఉరి అమలై ఉంటే? పరిహారం ఎవరి చేతికిచ్చేవారు? ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్న చర్చలో మనం ఏ వైపు నిలబడాలో తేల్చుకోవడానికి మాకు ఈ ఒక్క కేసు చాలు. తప్పు దిద్దుకునే దారి లేని శిక్షను, ఇలా పొరబడే వ్యవస్థ చేతికి ఇవ్వకూడదు. మాలో కూడా దీనికి ఒప్పుకోని వాళ్లున్నారు, వాళ్లు వచ్చే సంచికలో రాయవచ్చు.

2024లో రెండు మంచి తీర్పులు వచ్చాయి. మే నెలలో, పోలీసులు హిస్టరీ షీట్లు తెరిచేటప్పుడు వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. అక్టోబరు 3న, సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి పని అప్పగించే నిబంధనలను కొట్టేసింది. కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో విముక్త జాతుల ఖైదీలను పుట్టు నేరస్థుల్లా చూసే రాతలు అప్పటికీ ఉన్నాయని ఆ తీర్పులోనే ఉంది. 1952లో పోయిన చట్టం 2024 దాకా జైలు పుస్తకాల్లో కాపురం చేసిందన్నమాట.

మన రచ్చబండ సంగతి

ప్రభుత్వాన్ని ఇన్ని అడిగాం కాబట్టి మన కులపంచాయితీని కూడా అడగాలి. మన పెద్దల తీర్పుల్లో మంచి ఉంది. తప్పు చేసినవాడు నష్టపోయినవాడి ముందు కూర్చోవాలి, తప్పు కట్టాలి, తర్వాత కలిసి తినాలి. కలిసి తిన్నాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. పైన చెప్పిన నాలుగో కట్టుబాటు, అంటే ముగింపు, ఇందులో చక్కగా ఉంది. అయితే వెలి వేసినప్పుడు ఏం జరుగుతుంది? ఒక అమ్మాయి ఇష్టపడి వేరే కులంవాణ్ణి చేసుకుంటే ఆమె తల్లిదండ్రులకు నిప్పూ నీళ్లూ ఆపడం, ఆమె చెల్లెలి సంబంధం చెడగొట్టడం ఏ చట్టాన్ని పోలి ఉన్నాయి? ఒకరి పనికి ఇంటి మొత్తాన్ని శిక్షించడం మనం ఎక్కడ నేర్చుకున్నాం? పంచాయితీలో ఆడవాళ్లు, చదువుకున్న పిల్లలు కూర్చుంటే ఈ ప్రశ్న అక్కడే అడగవచ్చు. కొన్ని పేటల్లో ఇప్పటికే అడుగుతున్నారు, పెద్దలు కసురుకుంటున్నా.

యువతకు పనికొచ్చే రెండు సంగతులు చెప్పి ఆపుతాం. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో ఆ ఆఫీసు ఉంటుంది. పేటలో ఎవరినైనా అనుమానం మీద తీసుకెళ్తే గుంపుగా స్టేషన్‌కి పోయి అరవడానికి ముందు ఒకరు అక్కడికి వెళ్లండి.

ఇక రెండోది. సెటిల్‌మెంట్ పాసులు, హాజరు పట్టీలు, వేలిముద్రల కాగితాలు, రద్దు నాటి నోటీసులు ఎవరింట్లోనైనా ట్రంకుపెట్టె అడుగున ఉంటే పారేయకండి, లామినేషన్ చేయించకండి, అది పాత కాగితాన్ని పాడుచేస్తుంది. రెండు వైపులా ఫోటో తీసి, ఎవరిదో, ఏ సెటిల్‌మెంటో, ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్పారో నాలుగు ముక్కలు రాసి సంఘానికి పంపండి. పేరు చెరిగిపోయి ఒట్టి వేలిముద్రే మిగిలినా పంపండి.